సమస్యాపూరణం: «చెప్పు విడిచిన వానికి చెప్పులిచ్చె»

నిర్వాహకురాలు:
అందరికీ నమస్కారం. ఈ వారం పాదం ఇదిగో.

చెప్పు విడిచిన వానికి చెప్పులిచ్చె

తేటగీతి, నాలుగో పాదం. పైన మూడు పాదాలు మీవి, చెప్పు విడిచినవాడికే మళ్ళీ చెప్పులెందుకు ఇచ్చారన్న చిక్కు వాటిలో విడిపోవాలి. కొత్తవాళ్ళ కోసం చెప్తున్నా, పాదానికి ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్ళీ రెండు సూర్యగణాలు, నాలుగో గణం మొదటి అక్షరంతో యతి, అంటే పాదం మొదటి అక్షరానికి అది జోడీ కుదరాలి, ప్రాస అక్కర్లేదు.

వస్తువు మాత్రం నేనే ఇస్తున్నా: జపాన్ ఇంట్లో వీకెండ్ హోమ్‌స్టే. నేను జపాన్‌లోని క్యూషూ దీవిలో బెప్పూ అనే ఊళ్ళో చదువుకున్నాను, అక్కడ 2000లో మొదలైన రిత్సుమెయికన్ ఆసియా పసిఫిక్ యూనివర్సిటీ ఉంది కాబట్టి ఊళ్ళో ఎటు చూసినా విదేశీ స్టూడెంట్సే, చుట్టుపక్కల పల్లెలవాళ్ళకి కూడా మనవాళ్ళని ఇంట్లో పెట్టుకోవడం అలవాటే. నేను వెళ్ళింది అజిము. ద్రాక్షతోటల ఊరు, 2005లో ఉసా సిటీలో కలిసిపోయింది. రైతుల ఇళ్ళల్లో అతిథులు ఉండే పద్ధతిని అక్కడివాళ్ళు 1996లో ఒక సంఘం పెట్టి మొదలుపెట్టారు, వాళ్ళ మాట ఒకటుంది, ఒక్కసారి ఉంటే దూరపు చుట్టం, పదిసార్లు ఉంటే సొంత చుట్టం అని. శనివారం వెళ్ళి ఆదివారం సాయంత్రం దాకా ఉన్నాను, ఆ మాట ఊరికే అన్నది కాదని నాకు గట్టిగా అనిపించింది.

మన దగ్గర ఒకడికి చెప్పులిచ్చారంటే అదెంత గొడవో తెలుసు కదా, అక్కడ గడపలో మొదటి మర్యాద అదే. గుమ్మం లోపల కాస్త పల్లంగా ఉన్న చోట బూట్లు విప్పాలి, మెట్టెక్కితే ఇంట్లో తొడుక్కునే చెప్పులు మనం కాలు పెట్టడానికి వీలుగా లోపలివైపు తిరిగి రెడీగా ఉంటాయి. అందుకే ఈ పాదం ఎంచుకున్నా. పద్యంలో ఆ ఇంటి మనుషులు కనపడాలని నా కోరిక, జపాన్ గురించి తెలిసినవన్నీ గుచ్చేస్తే కుదరదు.

బెజవాడ కుర్రాడు:
అక్కా నేనే బోణీ.

బూట్లు గడపలో విప్పి నేఁ బోవుచుండ
అచటి తల్లి నవ్వుచు వంగి యాదరమున
మెత్తనగు జోడు నాముందు మెల్లగ నిడి
చెప్పు విడిచిన వానికి చెప్పులిచ్చె

పాత పాఠాల మాష్టారు:
గణాలు, యతులు అన్నీ సరిపోయాయి నాయనా, బూట్లు అన్న మాట కూడా చక్కగా ఒదిగింది. అన్వయమే కుదరలేదు. మొదటి పాదంలో «నేఁ», మూడో పాదంలో «నాముందు», చివరికొచ్చేసరికి «వానికి». వచ్చినవాడు నువ్వా, వేరేవాడా? «నేఁ» తీసేసి «తాఁ» పెట్టు, «నాముందు» తీసేసి «తనముందు» పెట్టు. రెండు చోట్లా గణం చెడదు. ఇంకోటి, «వంగి» అన్న చిన్నమాట నాకు నచ్చింది, ఇంటావిడ మోకాళ్ళ మీద కూర్చుని జోడు ముందుకు జరిపినట్టు కనపడుతోంది.

బెజవాడ కుర్రాడు:
మార్చేస్తున్నా మాష్టారూ, థాంక్యూ అండీ.

రాజమండ్రి పద్యాలరావు:
నేను వస్తువు కొంచెం దాటుతున్నాను, క్షమించాలి. చెప్పులు అనగానే చిత్రకూటమే గుర్తొచ్చింది.

అన్న పాదుక లడుగగా నడవిలోన
భరతు భక్తికి మురిసిన భానుకులుఁడు
రాజ్యమేలగ గురుతుగా రాగమెసగ
చెప్పు విడిచిన వానికి చెప్పులిచ్చె

కరీంనగర్ అక్క:
పద్యం సాఫీగ నడిచింది అన్నా, సదువుతుంటే మంచిగున్నది. గని భరతుడు చెప్పులు ఇడిసిండని నీ పద్యంల యాడుంది? అడిగినోనికి ఇచ్చిండు, ఇడిసినోనికి కాదు. ముడి అట్లనే ఉండిపోయింది.

పాత పాఠాల మాష్టారు:
అక్క చెప్పింది నిజం. «అడుగగా» ఉన్న చోట రాజవైభవం, వాహనం, పాదరక్షలు అన్నీ వదిలి కాలినడకన వచ్చినట్టు ఒక్క ముక్క పడితే సమస్య విడిపోతుంది. పురాణంతో పూరించడం తేలిక, ఎందుకంటే కథ అందరికీ తెలుసు, అయినా ఆ పాదంలో ఉన్న చిక్కు పద్యంలోనే విడిపోవాలి, పాఠకుడి జ్ఞాపకం మీద వదిలేయకూడదు.

నిర్వాహకురాలు:
పద్యాలరావుగారూ, పద్యం ఉంచండి, పోటీలో మాత్రం లెక్కపెట్టను. హోమ్‌స్టే లేదు కదండీ మరి.

కరీంనగర్ అక్క:
మా చెల్లె ఒసాకాల సదువుతది, దాని మాటలు ఇని రాసిన.

చాపగదిలోకి జోడుతో జనగ రాదు
మరుగుదొడ్డికి వేరుగా మరొక జోడు
అడుగడుగునకు నేర్పుచు నమ్మ యచట
చెప్పు విడిచిన వానికి చెప్పులిచ్చె

నిర్వాహకురాలు:
అక్కా ఇది చాలా బాగుంది! ఆ ఇళ్ళల్లో పెద్ద పాఠం ఇదే, నడవాలో చెప్పులు, తతమి అనే చాపలు పరిచిన గదిలోకి వట్టి కాళ్ళో సాక్సులో, బాత్రూం పక్కన ఉండే టాయిలెట్ గదికి దాని చెప్పులు దానికే, వాటితో మళ్ళీ బయటికి రాకూడదు. ఒక్క ఇంట్లోనే ఇన్నిసార్లు విడవడం, ఇన్నిసార్లు తొడుక్కోవడం ఉంది కాబట్టి సమస్యలో ఉన్న చిక్కు దానంతట అదే విడిపోయింది. «అడుగడుగునకు» అన్నచోట అడుగు అంటే పాదం కూడా కదా, అది అనుకుని పెట్టినా అనుకోకుండా పడినా అక్కడే పద్యం లేచింది.

పాత పాఠాల మాష్టారు:
మూడో పాదం యతి గురించి ఎవరైనా అడుగుతారని ముందే చెప్తున్నా. «నేర్పుచున్ అమ్మ» కలిసి «నేర్పుచు నమ్మ» అయింది, లోపల ఉన్నది అకారమే, మొదటి అక్షరం «అ»తో సరిపోయింది.

సీలేరు చిన్నోడు:
నాది స్నానం మీద అండి. పూర్తి కాలేదు, మొదటి పాదమే చూడండి.

ఒడలు కడిగిన పిమ్మటే తొట్టి దిగును

పాత పాఠాల మాష్టారు:
యతి తప్పింది బాబూ. «ఒ»కి «తొ» చెల్లదు. అచ్చు సరిపోయింది కానీ అక్కడ తకారం అడ్డంగా ఉంది. తొట్టినే ముందుకు తెచ్చేయ్:

తొట్టి దిగుటకు ముందుగా తోముకొనుచు

సీలేరు చిన్నోడు:
దాన్ని పట్టుకుని పూర్తిచేశా అండి.

తొట్టి దిగుటకు ముందుగా తోముకొనుచు
నొడలి మురికిని వదలించి యొప్పుగాను
స్నానశాలను వీడగా శాంతమూర్తి
చెప్పు విడిచిన వానికి చెప్పులిచ్చె

నిర్వాహకురాలు:
తమ్ముడూ ఛందస్సు ఇప్పుడు శుభ్రంగా ఉంది, «శాంతమూర్తి» మాత్రం పాదం నింపడానికే వచ్చింది. ఎవరా మూర్తి? అవ్వా, తాతా, ఇంటి పిల్లాడా? అసలు ఆ స్నానంలో గొప్ప విషయం నువ్వు వదిలేశావు. తొట్టిలో వేడినీళ్ళు ఒక్కసారే నింపుతారు, ఇంటిల్లిపాదీ వంతులవారీగా అవే నీళ్ళల్లో కూర్చుంటారు, అందుకే బయట సబ్బుతో కడుక్కుని మరీ దిగాలి, అయ్యాక నీళ్ళు వదిలెయ్యకుండా మూత పెట్టి రావాలి. అలాంటి నీళ్ళల్లోకి ముందు అతిథినే పంపిస్తారు, ఎక్కడినుంచో వచ్చిన పిల్లని, నిన్నటిదాకా ముఖం కూడా తెలియని పిల్లని, ఇంటి పెద్దాయన కంటే ముందు దిగమంటారు. ఆ నమ్మకం ఒక్క పాదంలో రావాలి. «ఒప్పుగాను» తీసేస్తే చోటు దొరుకుతుంది, మళ్ళీ ప్రయత్నించు, నీకు వస్తుంది.

రాజమండ్రి పద్యాలరావు:
ఈసారి వస్తువులోనే ఉన్నానండి. మీ అజిము పట్టుకున్నా.

ద్రాక్షతోటకు వెళ్దాము రమ్మటంచు
బురద నేలకు తగు బూట్లు పొందికగను
తాత తనవాఁడె యనుకొని తడవకుండ
చెప్పు విడిచిన వానికి చెప్పులిచ్చె

బెజవాడ కుర్రాడు:
మొదటి పాదంలో యతి ఎలా అండి? ద్రా, ర?

పాత పాఠాల మాష్టారు:
సంయుక్తాక్షరంలో ఏ హల్లుతోనైనా యతి వేసుకోవచ్చు, «ద్రా»లో రేఫ ఉంది, అది «ర»తో కలిసింది. నాకు మిగతా చోట పేచీ. రబ్బరు బూట్లని రెండో పాదంలో అనేసి నాలుగో పాదంలో చెప్పులంటే ఒకే వస్తువు రెండుసార్లు వచ్చింది.

నిర్వాహకురాలు:
తాత పాత్ర మాత్రం నాకు బాగా దొరికింది. నేను ఉన్న ఇంట్లో కూడా తెల్లారగానే పొలానికి బయల్దేరదీశారు, గుమ్మం దగ్గర రకరకాల సైజుల్లో రబ్బరు బూట్లు వరసగా ఉన్నాయి, ఇదివరకు వచ్చినవాళ్ళ కోసం కొని ఉంచినవి. నా కాలు చూసి ఒక జత తీసి, లోపల మట్టి ఏమైనా ఉందేమోనని తిరగేసి మెట్టుకేసి దులిపి మరీ ఇచ్చారు. మాటలు పెద్దగా సాగలేదు మా మధ్య, నా జపనీస్ అప్పటికి అంతంతమాత్రం. ఆ దులపడం పద్యంలో పెడితే రెండో పాదం సమస్య కూడా పోతుంది పద్యాలరావుగారూ.

ఫుకుఒకా స్టూడెంట్:
అక్కా, మాష్టారూ, నేను వెళ్ళేటప్పటి సంగతి రాశాను.

సెలవు గైకొని గడపను చేరువేళ
తన పదమ్ముల బూట్లను దారివైపు
త్రిప్పియుంచిన తల్లి ‘రా తిరిగి’ యనుచు
చెప్పు విడిచిన వానికి చెప్పులిచ్చె

కరీంనగర్ అక్క:
అబ్బ! నాకు ఒళ్ళు జలదరించింది తమ్మీ.

పాత పాఠాల మాష్టారు:
భేష్. అందరూ వచ్చేటప్పటి గడప చూశారు, ఇతను పోయేటప్పటి గడప చూశాడు. విడిచింది ఇంటి చెప్పులు, ఇచ్చింది అతని బూట్లే. ముడి పూర్తిగా విడిపోయింది. ఒక్క దోషం, «తన పదమ్ముల» అంటే ఆ తల్లి బూట్లని కూడా అర్థం వస్తుంది. ఆ రోజు వానేమైనా పడిందా?

ఫుకుఒకా స్టూడెంట్:
పడింది మాష్టారూ, జూన్ కదా, వానాకాలం. బూట్లల్లో న్యూస్‌పేపర్ కుక్కి ఆరబెట్టారు కూడా.

పాత పాఠాల మాష్టారు:
అయితే «తడిని తుడిచిన బూట్లను దారివైపు» అను. గణాలూ యతీ నిలబడతాయి, ఆ ఇల్లు కూడా కనపడుతుంది.

నిర్వాహకురాలు:
ఈ సవరణతో ఈ వారం మొదటి స్థానం ఫుకుఒకా తమ్ముడిదే, రెండోది కరీంనగర్ అక్కది. జపాన్‌లో ఇంటికొచ్చినవాళ్ళ బూట్లు బయటికి తిప్పి పెట్టడం మామూలు మర్యాదే, అక్కడ ఉన్నవాళ్ళకి అది కొత్తేం కాదు, కానీ ‘రా తిరిగి’ అన్న పిలుపు దాని పక్కనే పెట్టడంతో బూట్లేమో దారివైపు, మాటేమో ఇంటివైపు ఉన్నాయి. ఆ రెండూ ఒకే పద్యంలో ఇమడడం ఛందస్సు మీద పట్టున్నవాళ్ళకి కూడా ఎప్పుడోగానీ కుదరదు.

కరీంనగర్ అక్క:
నిర్వాహకురాలూ, ఒక్క ముచ్చట. మా చెల్లె మాంసం, చేప ఏది తినది. ఇట్ల ఇంట్లకు పోతే తిండి ఎట్ల?

నిర్వాహకురాలు:
ముందే ఫారంలో అడుగుతారు అక్కా, అలర్జీలు, తిననివి అన్నీ. అక్కడ స్పష్టంగా రాయమను, «మాంసం తినను» అని మాత్రం రాస్తే చాలదు, ఎందుకంటే మిసో సూప్‌కి, కూరలకి వాడే దాషి అనే కట్టుని చాలా ఇళ్ళల్లో ఎండబెట్టిన బోనిటో చేప తురుముతో కాస్తారు, ముక్క కనపడదు, చూస్తే మన పప్పుకట్టులాగే తేటగా ఉంటుంది. కొంబు అనే సముద్రపు నాచుతోనో, ఎండు షీతకే పుట్టగొడుగులతోనో కూడా దాషి కాయొచ్చు, ముందు చెప్తే ఆ ఇంటివాళ్ళు ఎంతో ఇష్టంగా అలాగే చేస్తారు. వెళ్ళేటప్పుడు పూతరేకులు తీసుకెళ్ళమను, బియ్యంతో చేసిన కాగితం అని చూపిస్తే ఇంటిల్లిపాదీ చుట్టూ చేరతారు.

మీ ప్రశ్నతోనే వచ్చే వారం పాదం కూడా దొరికేసింది, మళ్ళీ తేటగీతే:

చేపలేనట్టి చారులో చేప యుండె

శుక్రవారం రాత్రిలోపు పంపండి. సీలేరు తమ్ముడూ, నీ స్నానం పద్యం సవరణ కూడా దాంతోపాటే పెట్టు.