రియల్ టైమ్‌లో సాగే సినిమాలు, పాత హారర్ నటులు: ఈ రెండూ కలిసిన చిత్రాలు ఉన్నాయా?

ప్రశ్న: బ్రాడీపేట ప్రేక్షకుడు, గుంటూరు

మిత్రులందరికీ నమస్కారం. తెర మీద గడిచే కాలమూ, హాల్లో కూర్చున్న మనకు గడిచే కాలమూ ఒకటే అయిన సినిమాలంటే నాకు ఎంతో ఇష్టం. వాటిలో ‘పదేళ్ల తర్వాత’ అంటూ అక్షరాలు పడవు, పరుగెత్తే పిల్లవాడు పాట పూర్తయ్యేసరికి హీరోగా మారిపోడు. ఆన్యెస్ వార్దా తీసిన ‘క్లియో ఫ్రమ్ ఫైవ్ టు సెవెన్’ (1962)లో వైద్య పరీక్ష ఫలితం కోసం ఎదురుచూసే ఒక గాయని పారిస్ వీధుల్లో గడిపే గంటన్నరను మనమూ ఆమె పక్కనే ఉండి గడుపుతాము. సిడ్నీ ల్యూమెట్ ‘ట్వెల్వ్ యాంగ్రీ మెన్’ (1957), దాని ఆధారంగా బాసు ఛటర్జీ హిందీలో తీసిన ‘ఏక్ రుకా హువా ఫైస్లా’ (1986) కూడా నేను మళ్లీ మళ్లీ చూసే చిత్రాలు.

నా రెండో ఇష్టం పాత హారర్ నటులు. ఒకే 1931వ సంవత్సరంలో డ్రాకులాగా బెలా లుగోసీ, ఫ్రాంకెన్‌స్టైన్ సృష్టించిన వికృతాకారంగా బోరిస్ కార్లాఫ్ తెరకెక్కారు. తర్వాతి తరంలో పీటర్ కుషింగ్, క్రిస్టఫర్ లీ వచ్చారు. వచ్చే నెలలో మా గ్రంథాలయం పైహాల్లో కొందరు మిత్రులతో కలిసి ఒక సాయంత్రం సినిమా వేసుకోవాలనుకుంటున్నాము. ఇలాంటి నటులెవరైనా రియల్ టైమ్‌లో సాగే సినిమాలో నటించి ఉంటే తెలియజేయగలరు.

సమాధానం: గాంధీనగర్ నుంచి, విజయవాడ

మీరు అడిగిన కలయిక ఉందండీ, అదీ అందరూ చూసిన సినిమాలోనే ఉంది. ఫ్రెడ్ జిన్నెమన్ తీసిన ‘హై నూన్’ (1952)లో మధ్యాహ్నం పన్నెండు గంటల రైలుకు పగవాడు దిగబోతుండగా, తనకు తోడు నిలిచేవారి కోసం ఊరి శాంతిభద్రతలు చూసే మార్షల్ పాత్రలో గ్యారీ కూపర్ ఊరంతా గడప గడపా ఎక్కి దిగుతాడు. అలా వెళ్లిన ఒక ఇంట్లో ఉండే పాత మార్షల్ మార్టిన్ ఎవరనుకున్నారు? లాన్ ఛానీ జూనియర్. ‘ది వుల్ఫ్ మ్యాన్’ (1941)లో తోడేలుగా మారిన నటుడు, మూకీల నాటి మహానటుడు లాన్ ఛానీ కుమారుడు.

తోడేలు వేషం కోసం మేకప్ కళాకారుడు జాక్ పియర్స్ ఆయన ముఖం నిండా యాక్ వెంట్రుకలు అతికించేవాడు. ఇక్కడ ఆ మరుగు ఏదీ లేదు. కీళ్లవాతంతో బిగుసుకుపోయిన వేళ్లు, బరువైన శరీరం, ఎదుటివాడి కళ్లలోకి చూడలేని చూపు, అంతే. ఈ చేతులతో నీ వెంట వస్తే నువ్వు నన్ను కాపాడుకోవడంలోనే ప్రాణం పోగొట్టుకుంటావని ఆయన కూపర్‌కు చెప్పే మాటలో నిజమూ ఉంది, భయమూ ఉంది, రెండింటినీ విడదీయలేము. అప్పటికి ఆయనకు యాభై ఏళ్లు కూడా లేవంటే నమ్మబుద్ధి కాదు.

హిచ్‌కాక్ ‘రోప్’ (1948)ను కూడా ఈ లెక్కలో చేర్చవచ్చు. హత్యకు గురైన యువకుడి తండ్రిగా నటించిన సెడ్రిక్ హార్డ్‌విక్ అంతకుముందు ‘ది గోస్ట్ ఆఫ్ ఫ్రాంకెన్‌స్టైన్’ (1942)లో ఛానీ జూనియర్, లుగోసీలతో కలిసి నటించాడు. కొడుకు శవం దాచిన పెట్టె మీదే విందు వడ్డిస్తున్నారని ఆ తండ్రికి తెలియదు. ఆయన చేతికి అందించిన పుస్తకాల కట్టకు చుట్టినది కొడుకు గొంతుకు బిగించిన తాడే. ఇంతటి భయానకాన్ని హార్డ్‌విక్ గొంతు పెంచకుండా, కొడుకు ఇంకా రాలేదేమన్న చిన్న ఆందోళనతో మోశాడు.

సమాధానం: పరిషత్తు నాటికల నటుడు, గుంటూరు

గాంధీనగర్ మిత్రులు చెప్పిన రెండు సినిమాలూ నాకు ప్రాణమే. అయితే ప్రశ్న కాలం గురించి కాబట్టి ఒక మాట చెప్పాలి. ‘హై నూన్’లో గోడ గడియారాల ముళ్లు మన చేతి గడియారం కన్నా కాస్త వేగంగానే నడుస్తాయి. నిక్కచ్చిగా లెక్క సరిపోయే సినిమా కావాలంటే రాబర్ట్ వైజ్ తీసిన ‘ది సెటప్’ (1949) చూడాలి. మొదట్లో వీధి గడియారం 9:05 చూపుతుంది, చివర 10:16 చూపుతుంది, సినిమా నిడివి 72 నిమిషాలు. కాలేజీ రోజుల్లో నిజంగానే బాక్సింగ్ చేసిన రాబర్ట్ రయాన్ అందులో వయసు మళ్లిన బాక్సర్. హారర్ నటుల కోసం వెతికితే మాత్రం ఆ సినిమా మీకు పనికిరాదు.

‘రోప్’లో నన్ను ఆకట్టుకునేది నటులు పడిన శ్రమ. అప్పటి కెమెరాలో పట్టే ఫిల్ము సుమారు పది నిమిషాలకే అయిపోయేది కనుక, రీలు మారే చోట కెమెరాను ఒకరి వీపు మీదికి తీసుకువెళ్లి తెరను ఒక్క క్షణం చీకటి చేసి, అక్కడి నుంచే మళ్లీ మొదలుపెట్టారు. అన్ని చోట్లా అలా దాచలేదు, కొన్ని కోతలు తేటగానే కనిపిస్తాయి. కెమెరా తిరగడానికి సెట్టు గోడలు పక్కకు జరిగేవి, నటులు మాత్రం ఏమీ జరగనట్టే మాట్లాడుతూ ఉండాలి.

మన పరిషత్తు నాటికలు ఆడేవారికి ఈ కష్టం బాగా తెలుసు. గంటసేపు ఒకే సెట్టు మీద, ఎదుటి పాత్ర మాట్లాడుతున్నంతసేపూ మన చేతులు ఏం చేయాలో, చూపు ఎక్కడ నిలవాలో తెలియకపోతే ప్రేక్షకుడు వెంటనే పట్టేస్తాడు. పాత హారర్ నటులు ఇక్కడే గొప్పవారని నా నమ్మకం. ‘డ్రాకులా: ప్రిన్స్ ఆఫ్ డార్క్‌నెస్’ (1966)లో క్రిస్టఫర్ లీ ఒక్క మాటైనా మాట్లాడడు. మాట లేకుండా నిలబడడం వచ్చినవారిని ఎంత పొడవైన షాటూ బెదిరించలేదు.

సమాధానం: పటమట, విజయవాడ

మీకు కావలసిన సినిమా నా దగ్గర సిద్ధంగా ఉంది: ‘క్యాష్ ఆన్ డిమాండ్’ (1961), దర్శకుడు క్వెంటిన్ లారెన్స్. డ్రాకులా, ఫ్రాంకెన్‌స్టైన్ చిత్రాలతో పేరు పొందిన ఇంగ్లండు హామర్ సంస్థే దీన్నీ తీసింది. కానీ ఇందులో దెయ్యమూ లేదు, రక్తమూ లేదు. క్రిస్మస్‌కు రెండు రోజుల ముందు ఒక చిన్న ఊరి బ్యాంకులో జరిగే కథ దాదాపుగా మన గడియారంతో పాటే నడుస్తుంది.

మేనేజరు ఫోర్డైస్‌గా పీటర్ కుషింగ్ నటించాడు. సిబ్బంది ఎవరితోనూ చనువుగా ఒక మాట మాట్లాడని మనిషి, లెక్కల్లో దొర్లిన పొరపాటుకు ఏళ్ల తరబడి పనిచేస్తున్న గుమాస్తా ఉద్యోగానికే ఎసరు పెడతానంటాడు. అంతలో బీమా సంస్థ నుంచి తనిఖీకి వచ్చానంటూ ఆంద్రే మోరెల్ మర్యాదగా లోపలికి వస్తాడు. నీ భార్యా బిడ్డా మావాళ్ల చేతుల్లో ఉన్నారు, ఖజానా ఖాళీ చేయడానికి సహకరించు అని అంతే మర్యాదగా చెబుతాడు. అక్కడి నుంచి కుషింగ్ ముఖాన్ని గమనించండి. నుదుటి మీద చెమట, తడబడే వేళ్లు, బయట గుమాస్తాలు చూస్తున్నారని పెదవుల మీదికి తెచ్చుకునే చిరునవ్వు. కథ ఎక్కడా గంటా రెండు గంటలు ముందుకు దూకదు కాబట్టి ఆ మనిషి కొంచెం కొంచెంగా కరిగిపోవడం మన కళ్ల ముందే జరుగుతుంది. కుషింగ్ చేతి వస్తువులతో నటించడంలో అందె వేసిన చేయి. 1958 నాటి ‘డ్రాకులా’ పతాక సన్నివేశంలో రెండు కొవ్వొత్తి స్తంభాలను శిలువగా అడ్డం పెట్టిన చేతులే ఇక్కడ ఖజానా తాళంచెవి దగ్గర వణుకుతాయి.

మరో విశేషం, అంతకు రెండేళ్ల ముందు హామర్ సంస్థ తీసిన షెర్లాక్ హోమ్స్ చిత్రంలో కుషింగ్ హోమ్స్, మోరెల్ వాట్సన్. అక్కడి స్నేహితులే ఇక్కడ పిల్లీ ఎలుకా అయ్యారు.

ప్రశ్న అడిగినవారు: బ్రాడీపేట ప్రేక్షకుడు, గుంటూరు

ముగ్గురికీ కృతజ్ఞతలు. పటమట మేడమ్ గారు చెప్పినదే వేస్తాము. ‘హై నూన్’లో ఛానీ జూనియర్ ఉన్నాడన్న సంగతి తెలిసి నిన్న రాత్రే ఆ ఘట్టం మళ్లీ చూశాను, మార్టిన్ ఆ పిడికిలి చూపించే తీరు అద్భుతం. మా మిత్రుల్లో పెద్దవారు ఎక్కువ, ఇంగ్లీషు ఉచ్చారణ అందదేమోనని సందేహం. మధ్యలో ఆపి కథ వివరిస్తే బాగుంటుందా?

సమాధానం: పటమట, విజయవాడ

దయచేసి మధ్యలో ఆపకండి. పది నిమిషాలు ఆపితే బ్యాంకులో గడియారమూ ఆగిపోయినట్టే, కుషింగ్ మీద పెరుగుతున్న ఒత్తిడి అంతా చల్లారిపోతుంది. ఫోర్డైస్ ఎవరు, గుమాస్తాతో అతనికి తగువేమిటి, వచ్చినవాడు ఏమని పరిచయం చేసుకుంటాడు అన్న మూడు సంగతులు ముందే తెలుగులో చెప్పండి, సబ్‌టైటిళ్లు పెద్ద అక్షరాల్లో పెట్టండి. ముగింపు మాత్రం ఎవరికీ చెప్పవద్దు.