ఐసీయూలో చేరే ప్రతి రోగికీ రెక్టల్ స్వాబ్ తీయాలా?

కల్చర్‌ప్లేటు:
తీయాలనే అంటాను. మలద్వారంలో దూదిపుల్ల తిప్పి, పేగుల్లో మొండి బ్యాక్టీరియా ఉందేమో చూసే పరీక్షే కదా. యాంటీబయాటిక్‌లకి లొంగని ఈ మొండి బ్యాక్టీరియా ఆసుపత్రిలోనే పుడుతుందన్న లెక్క ఎప్పుడో తప్పింది. ఢిల్లీలో వీధి గుంటల నీళ్లు 171 చోట్ల, కుళాయి నీళ్లు 50 చోట్ల పట్టి చూస్తే, బ్యాక్టీరియాని మందులకి లొంగకుండా చేసే ఎన్‌డీఎం-1 జన్యువు గుంటల్లో 51, కుళాయిల్లో 2 నమూనాల్లో దొరికింది. ఇది 2011లోనే అచ్చయింది. ఇలాంటివి పేగుల్లో ఉన్నా మనిషికి ఏ బాధా ఉండదు. వేరే జబ్బుతో వచ్చి పడకెక్కుతాడు. యూరిన్ క్యాథెటర్ వేశాక గానీ సంగతి బయటపడదు.

నైట్‌డ్యూటీ:
ముందే తెలిసి ఏం చేస్తారండీ? పన్నెండు పడకలకు విడి గది ఒకటుంటే గొప్ప. ఈఎస్‌బీఎల్ (మామూలు యాంటీబయాటిక్‌లని విరిచేసే ఎంజైమ్) ఉన్న బ్యాక్టీరియాని వెతికారా, అది అంత మామూలు కాబట్టి ప్రతి మంచానికీ ఐసొలేషన్ బోర్డే. పైగా రిపోర్టుకి రెండు రోజులు. ఈలోగా అవే చేతులు పక్క మంచానికీ వెళ్తాయి. ఆ డబ్బేదో హ్యాండ్‌రబ్‌కి పెట్టండి. 3 ఎంఎల్ పోసుకుని 20-30 సెకన్లు, బొటనవేళ్లు, గోళ్ల చివర్లు వదలకుండా రుద్దాలి. గ్లౌజులున్నాయి కదా అని ఒకే జతతో మూడు మంచాలు తిరిగేస్తారు చూడండి, అదీ అసలు తంటా.

కల్చర్‌ప్లేటు:
ఈఎస్‌బీఎల్ నేనూ వెతకమనను. కార్బపెనెమ్ అనే గట్టి యాంటీబయాటిక్‌లకి లొంగనివాటికే. అందరికీ కుదరకపోతే, వేరే ఐసీయూ నుంచి మారినవాళ్లకైనా చేయండి. స్వాబ్‌కి మలం మరక అంటి ఉండాలి. తెల్లగా వస్తే ల్యాబ్ వెనక్కి పంపాల్సిందే, దాన్ని బ్యాక్టీరియా పెంచే ప్లేటెక్కిస్తే వచ్చేది ఉత్తుత్తి నెగెటివే. క్రోమోజెనిక్ ప్లేటు (బ్యాక్టీరియా రకాన్ని బట్టి రంగు తేలేది) 18-24 గంటల్లో చదవొచ్చు, నిర్ధారణకి ఇంకో రోజు. ఆక్సా-48 రకం (కార్బపెనెమ్‌ని విరిచే ఇంకో ఎంజైమ్ ఉన్నది) మాత్రం కొన్ని ప్లేట్ల మీద జారిపోతుంది. పాజిటివ్ వచ్చిందని ఆఖరి అస్త్రంలాంటి కొలిస్టిన్ యాంటీబయాటిక్ మొదలెట్టకండి బాబూ, అది పేగుల్లో కాపురమే, ఇన్ఫెక్షన్ కాదు.

వంపుపైపు:
ఇద్దరూ మనుషుల్నే చూస్తున్నారు. సింకు కింది వంపు పైపు మాటేమిటి? మిగిలిన డెక్స్‌ట్రోజ్, రైల్స్ ట్యూబ్ (ముక్కులోంచి పొట్టలోకి వేసే గొట్టం) ఫీడు అందులోనే పారబోస్తారు. అది బ్యాక్టీరియాకి విందు. గోడలకి పాచిలా పట్టేస్తుంది, బ్లీచింగ్ పోసినా కొన్నాళ్లకి మళ్లీ మొలుస్తుంది. కుళాయి ధార నేరుగా రంధ్రం మీద పడితే తుంపర్లు మీటరు దూరం దాకా ఎగురుతాయి. మందులు కలిపే ట్రే ఆ పక్కనే!

కల్చర్‌ప్లేటు:
సరే, వారం తర్వాత రోగికి ఎన్‌డీఎం వచ్చిందనుకుందాం. ఇంటి నుంచి తెచ్చుకున్నాడా, మీ సింకు అంటించిందా? చేరిన రోజు స్వాబ్ లేకుండా ఎలా తేలుస్తారు?

నైట్‌డ్యూటీ:
అందుకైతే ఒప్పుకుంటాను. కానీ ఒక్క నెగెటివ్‌తో సింకు మీదికి తోసేయకండి. యాంటీబయాటిక్ ఎక్కేకొద్దీ పేగుల్లో అణిగి ఉన్నది పైకి లేస్తుంది. వారానికోసారి మళ్లీ తీయాలి. ఆ ఖర్చు రోగి బిల్లులో వేస్తారా, ఆసుపత్రి భరిస్తుందా, అది చెప్పండి ముందు.