బగ్ టికెట్‌లో ఏ మాట రాయాలి: డిఫెక్టా, ఇష్యూనా, గ్లిచ్చా?

క్యూఏ_విజయవాడ:
బగ్ రిపోర్ట్ టెంప్లేట్, అంటే సాఫ్ట్‌వేర్‌లో కనబడిన సమస్యని నమోదు చేసే టికెట్ నమూనా, కొత్తగా రాస్తున్నాం. ఒకే రకం సమస్యని ఒకరు ఇష్యూ అంటారు, ఇంకొకరు గ్లిచ్ అంటారు. టెస్టర్ "డిఫెక్ట్" అని రాస్తే డెవలపర్‌కి కోపం. "అబ్జర్వేషన్" అని రాస్తే ఆ టికెట్ వైపు ఎవరూ చూడరు. మాట మారిస్తే పనితీరు నిజంగా మారుతుందా?

సరిహద్దు_విలువ:
మారుతుందండీ, కాకపోతే ముందు ఎర్రర్, డిఫెక్ట్, ఫెయిల్యూర్ అనే మూడింటిని విడదీయాలి. సాఫ్ట్‌వేర్ టెస్టర్లకు సర్టిఫికెట్లిచ్చే ఐఎస్‌టీక్యూబీ సంస్థ వాడుకలో మనిషి చేసే పొరపాటు ఎర్రర్, దానివల్ల కోడ్‌లో మిగిలే లోపం డిఫెక్ట్, నడిచేటప్పుడు బయటపడేది ఫెయిల్యూర్.

500 రూపాయలు, ఆపైన కొంటే డెలివరీ ఉచితం అనుకోండి. డెవలపర్ దాన్ని "500 దాటితే" అని అర్థం చేసుకోవడం ఎర్రర్. కోడ్‌లో "పెద్దది లేదా సమానం" గుర్తుకు బదులు "పెద్దది" గుర్తు పడడం డిఫెక్ట్. సరిగ్గా 500కి కొన్నవారికి డెలివరీ చార్జీ పడడం ఫెయిల్యూర్. 499, 501 తో మాత్రమే టెస్ట్ చేస్తే ఈ డిఫెక్ట్ ఏళ్ల తరబడి కనబడదు.

టెస్టర్‌కి కనబడేది ఫెయిల్యూర్ ఒక్కటే కాబట్టి టికెట్ తెరిచేటప్పుడు అదే రాయించండి: ఏ బిల్డ్ (సాఫ్ట్‌వేర్ ఏ వెర్షన్), ఏం చేశాం, ఏం రావాలి, ఏం వచ్చింది. డిఫెక్ట్ గడిని సరిచేసిన డెవలపర్ నింపాలి. ఎర్రర్ గడి నిండకుండా టికెట్ మూతపడకూడదు. అప్పుడు టెస్టర్ రాసింది ఎవరి మీదా నింద కాదు.

పాత_కంపైలర్:
బగ్ అనకుండా ఎర్రర్ అనమని కంప్యూటర్ శాస్త్రవేత్త డైక్‌స్ట్రా 1988లోనే రాశారు. బగ్ అంటే ఎవరూ చూడనప్పుడు పురుగు తానే దూరినట్టు ఉంటుందనీ, తప్పు ప్రోగ్రామర్‌దేననీ ఆయన వాదన. విద్యార్థులకు అది సరైన మాటే. టీమ్‌లో మాత్రం "ఫలానావారి ఎర్రర్" దగ్గరే విచారణ ఆగిపోతుంది. అందుకే ఎర్రర్ గడిలో పేరు వద్దు, అది ఎలా దాటిపోయిందో రాయండి: "రివ్యూలో 500 విలువకి టెస్ట్ అడగలేదు" అన్నట్టు.

అలాగని మాటని మెత్తబరచడం అంతకంటే ప్రమాదం. బ్రిటన్‌లో పోస్టాఫీసుల అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ హొరైజన్ చూపిన లోటు లెక్కల మీద 900 మందికి పైగా సబ్ పోస్ట్‌మాస్టర్లకు (శాఖలు నడిపేవారికి) శిక్షలు పడ్డాయి. 2013లో పోస్టాఫీస్ సీఈఓ బగ్ అన్నదానికి బదులు ఉద్వేగం రేపని మాట కోసం వెతికారని విచారణలో బయటపడింది. దొరికిన మాటలు "ఎక్సెప్షన్", "అనామలీ". లోపం ఉందని ఒప్పుకోని మాట వాడితే, లోటుకు బాధ్యత కౌంటర్ దగ్గర కూర్చున్న మనిషి మీదికే పోతుంది.

లాగ్_చదివేవాడు:
స్క్రీన్ మీది మాటల్నీ ఈ లెక్కలోనే చూడాలి. థెరాక్-25 రేడియేషన్ యంత్రం "మాల్‌ఫంక్షన్ 54" అని మాత్రమే చూపి, స్థితిని "ట్రీట్‌మెంట్ పాజ్" అనేది. "సస్పెండ్" అయితే యంత్రాన్ని మొత్తం రీసెట్ చేయాలి. పాజ్ అయితే పీ అనే ఒక్క మీట నొక్కితే చాలు. చిన్న పాజ్‌లు తరచూ వచ్చేవి కాబట్టి ఆపరేటర్లకు మీట నొక్కడం అలవాటైంది. 1986లో టెక్సాస్‌లో అలా కొనసాగించినప్పుడు రోగికి అధిక మోతాదు మళ్లీ తగిలింది.

టెస్టుల్లో "ఫ్లేకీ" (ఒకసారి పాసై, ఇంకోసారి ఫెయిలయ్యే టెస్ట్) అన్న మాట ఇదే పని చేస్తుంది: ఆ ముద్ర పడ్డాక రీరన్ నొక్కడం తప్ప ఎవరూ కారణం వెతకరు. ఆ లేబుల్ తీసేసి కారణాన్నే లేబుల్ చేయండి: టైమ్‌అవుట్, టెస్టుల వరస మీద ఆధారం, ఉమ్మడి డేటా, రేస్ కండిషన్ (ఒకేసారి నడిచే పనుల్లో ఏది ముందు జరుగుతుందో అన్నదాన్ని బట్టి ఫలితం మారడం). తెలియకపోతే "కారణం తేలలేదు" అని పెట్టి, చూడాల్సిన మనిషినీ గడువునీ రాయండి.

క్యూఏ_విజయవాడ:
గడుల వరస అలాగే పెడతాం. యూజర్‌కి చూపే పేమెంట్ మెసేజ్ సంగతి?

లాగ్_చదివేవాడు:
బ్యాంకు నుంచి జవాబు రాక టైమ్‌అవుట్ అయితే (ఎదురుచూసే గడువు దాటితే) "విఫలమైంది" అని అసలు రాయకండి. డబ్బు వెళ్లిందో లేదో మీ సర్వర్‌కి అప్పటికి తెలియదు. ఆ మాట చదివి యూజర్ రెండోసారి కడతారు. "బ్యాంకు నుంచి సమాధానం రాలేదు. మళ్లీ కట్టకండి, స్థితి ఇక్కడ చూడండి" అని రాసి లావాదేవీ నంబర్ చూపండి. బ్యాంకు తిరస్కరించిందని ఖాయంగా తెలిసినప్పుడే "విఫలం".