"ఏలయనగా" మీద అంత ఒత్తా?

తుమ్మెద: హాండెల్ స్వరపరచిన ఇంగ్లీషు బైబిలు గానం "మెస్సయా"లో "ఫర్ అంటు అస్ ఎ చైల్డ్ ఈజ్ బార్న్" బృందగీతం విన్నప్పుడల్లా ఆ "ఫర్" దగ్గరే తట్టుకుంటాను. మన తెలుగు బైబిలు యెషయా 9:6లో అది "ఏలయనగా మనకు శిశువు పుట్టెను". ఏలయనగాని నొక్కి చదివేవారున్నారా?

ఆల్టో: ఆ వరస ఈ మాటకి కట్టింది కాదండీ. 1741 జూలైలో హాండెలే ఇద్దరు సొప్రానోలకు (పై స్థాయి స్త్రీ గొంతులకు) రాసిన ఇటాలియన్ యుగళగీతం, "నో, ది వోయి నోన్ వో ఫిదార్మి". గుడ్డి ప్రేమను "ఊహూఁ, నిన్ను నమ్మను" అనడం. ఆగస్టు 22న మెస్సయా మొదలెట్టాక "నో" కూర్చున్న పీట మీద "ఫర్" కూర్చుంది.

యడాగమం: పొరపాటని తేల్చేయకండి. హీబ్రూలో "కీ యెలెద్ యుల్లద్ లానూ". ఏలయనగాకి మూలమైన ఆ "కీ"కి "నిజంగా" అనే నొక్కు కూడా ఉంది.

పాతప్రతి: ఇక్కడ కారణార్థమే. 4, 5, 6 వచనాలు మూడూ కీతోనే ఎత్తుకుంటాయి. పాఠం కూర్చిన జెన్నెన్స్ 9:2లోని చీకటిని బేస్ (మంద్రమైన మగ) గొంతుకిచ్చి, నేరుగా 6కి దూకాడు. మధ్య రెండు కారణాలూ పోయాయి.

యడాగమం: అర్థం సరే, ఏల + అనగా. "ఏల నీ దయ రాదు" అని త్యాగరాజస్వామి అఠాణా రాగంలో ఎత్తుకుంటే ఆ "ఏ" ఎంత నిలుస్తుందో! ప్రశ్నగా ఉంటే బరువు, "అనగా" తగిలితే తేలిక.

ఆల్టో: పాడేటప్పుడూ అంతే. "ఫర్"ని సాగదీస్తే "అంటు" మింగేసినట్టవుతుంది. పొట్టిగా అని వదిలేసి బరువు "చైల్డ్" మీద వేయాలి. "బార్న్" పరుగులో, అంటే ఆ ఒక్క మాట మీదే వరసగా దొర్లే స్వరాల్లో, "హొ హొ" దొర్లనివ్వకూడదు. అచ్చు ఒక్కటే నడవాలి, "న్" చిట్టచివర. ఊపిరి అందరూ ఒకేచోట తీస్తే పరుగు తెగుతుంది, వంతులు వేసుకోవాలి.

తుమ్మెద: అదే వరసకి తెలుగు పాఠం పట్టదా?

యడాగమం: "మనకు శిశువు పుట్టెను". ఒక్క దీర్ఘం చూపించండి! "పుట్" గురువే కానీ ద్విత్వం వల్ల వచ్చినది, సాగదు. దీర్ఘాలన్నీ మీరు తేలిక చేయమన్న ఏలయనగాలోనే, ఏ, గా.

పాతప్రతి: అయితే పరుగు "గా" మీద వేద్దామా? శిశువు పుట్టకముందే సంబరం అయిపోతుంది.

ఆల్టో: "పుట్టెనూ" అని చివర సాగదీస్తే?

యడాగమం: ఆ "నూ" వింటే నా చెవి కోసుకుంటాను. దానికన్నా "ఆశ్చర్యకరుడు, ఆలోచనకర్త" చూడండి. రెండూ "ఆ"తోనే, మధ్య విరామంతో. హాండెల్ కూడా "వండర్‌ఫుల్", "కౌన్సెలర్" విడివిడిగానే పెట్టాడు, నాలుగు గొంతులూ ఒక్కసారిగా.

తుమ్మెద: నేనడిగింది "ఫర్" గురించండీ.