పిల్లల పళ్ల రెసిడెన్సీకి ప్రోగ్రామ్ ఎలా ఎంచుకోవాలి?

పర్లాకిమిడి అమ్మాయి:
అన్నయ్యలకు, అక్కలకు నమస్కారం. కటక్‌లో బీడీఎస్ చదివాను. పెళ్లయింది, వచ్చే నెల ఒహాయో వెళ్తున్నాను. అక్కడ పీడియాట్రిక్ డెంటిస్ట్రీ రెసిడెన్సీకి, అంటే డిగ్రీ తర్వాత పిల్లల పళ్ల వైద్యంలో ఇచ్చే శిక్షణకి, యూనివర్సిటీ ప్రోగ్రామ్ మంచిదా, హాస్పిటల్ ప్రోగ్రామ్ మంచిదా?

రాయగడ అక్క, ఇప్పుడు టెక్సస్:
అది తర్వాత చూద్దాం తల్లీ. ముందు నీ పేరు సర్టిఫికెట్లన్నిటిలో ఒకేలా ఉందా? నేను టెన్త్ తెలుగు మీడియం. అందులో ఇంటిపేరు పొడి అక్షరం, అదీ ముందు. ప్లస్ టూ నుంచి ఒడియా ఆఫీసుల్లో ఆ ఇంటిపేరును పూర్తిగా, చివర రాశారు. ట్రాన్స్‌క్రిప్టుల (సీలు వేసిన మార్కుల పత్రాల) కోసం మా యూనివర్సిటీకి వెళ్తే రెండు పేర్లూ ఒక్కరివేనని అఫిడవిట్ తెమ్మన్నారు. తెచ్చాను. స్టాంపు పేపరు పాతదన్నారు. మళ్లీ తెచ్చాను. ఈసారి సంతకం చేసే ఆయన సెలవు. రాయగడ నుంచి రాత్రి రైలెక్కి నాలుగుసార్లు తిరిగాను. చివరికి సీలు కవరు చేతికొచ్చేసరికి ఆ ఏడాది గడువు దాటిపోయింది. ప్లాట్‌ఫాం మీద ఆ కవరు ఒళ్లో పెట్టుకుని ఏడ్చాను.

బరంపురం బాబాయ్:
అమ్మా, అంత తొందరెందుకు? ఇక్కడే నీట్ ఎండీఎస్ రాసి, మూడేళ్లు పీడోడాంటిక్స్ (పిల్లల పళ్ల పీజీ) చేసి వెళ్లు. చెయ్యి తిరుగుతుంది.

ఇచ్ఛాపురం అన్న, ఇప్పుడు ఒహాయో:
బాబాయ్ గారూ, చెయ్యి తిరిగే మాట నిజమే. కానీ అమెరికన్ పీడియాట్రిక్ డెంటిస్ట్రీ బోర్డు పరీక్షకు మన ఎండీఎస్ ఒక్కటే చాలదు. కోడా, అంటే అక్కడ డెంటల్ కోర్సులకు గుర్తింపునిచ్చే సంస్థ, ఒప్పుకున్న రెసిడెన్సీ కావాలి, అది కనీసం 24 నెలలు. అంటే మూడేళ్ల మీద మళ్లీ రెండేళ్లు.

బరంపురం బాబాయ్:
చదివిన చదువు ఎక్కడికీ పోదు నాయనా. మా క్లినిక్‌కి గంజాం పల్లెల నుంచి పై ముందు పళ్లు నాలుగూ నల్లబడిన మూడేళ్ల పిల్లలు వస్తారు. పాల సీసాతో నిద్రపుచ్చితే అంతే. అలాంటి పిల్లాణ్ని ఒళ్లో పట్టుకుని చూడ్డం ఇక్కడే నేర్చుకోవాలి.

ఇచ్ఛాపురం అన్న:
అమ్మాయీ, నువ్వడిగినదానికి వస్తా. కొన్ని ప్రోగ్రాములు నెలనెలా స్టైపెండ్ ఇస్తాయి, కొన్ని ఎదురు ఫీజు కట్టించుకుంటాయి. హాస్పిటల్ అనగానే స్టైపెండ్ ఉంటుందనుకోకు, ప్రతి ప్రోగ్రామ్‌నీ అడుగు. విదేశీ బీడీఎస్‌ను తీసుకుంటారా, నీ వీసాతో చేరనిస్తారా అన్నవీ అప్లికేషన్ ఫీజు కట్టకముందే తేల్చుకో. ఇంటర్వ్యూలో రెసిడెంట్లతో విడిగా మాట్లాడు. ఆపరేషన్ థియేటర్లో, సెడేషన్ (మత్తిచ్చి చేసే) కేసుల్లో పని తమ చేతికి ఇస్తున్నారా, పక్కన నిలబెడుతున్నారా అని అడుగు. నేను చేరేముందు అది అడగలేదు, మొదటి ఆరు నెలలూ నోట్లో ఉమ్మి పీల్చే సక్షన్ గొట్టం పట్టుకునే నిలబడ్డాను. లైసెన్సు సంగతి మరీ ముఖ్యం. కొన్ని రాష్ట్రాలు విదేశీ బీడీఎస్ ఉన్నా ఈ రెసిడెన్సీని ఒప్పుకుంటాయి, కొన్ని అమెరికా డెంటల్ డిగ్రీ కూడా కావాలంటాయి. మీ ఆయన ఉద్యోగం ఏ రాష్ట్రంలో స్థిరపడుతుందో చూసుకుని ర్యాంకు లిస్టు, అంటే నీకు నచ్చిన ప్రోగ్రాముల వరుస, పెట్టు. నీ లిస్టునీ ప్రోగ్రాముల లిస్టునీ జతచేసే మ్యాచ్‌లో ఏది వస్తే దానికి కట్టుబడాల్సిందే.

పర్లాకిమిడి అమ్మాయి:
అక్కా, ఇప్పుడే తీసి చూశాను. టెన్త్‌లో ఇంటిపేరు ముందుంది, బీడీఎస్‌లో చివరుంది.

రాయగడ అక్క:
పాస్‌పోర్టులో ఎలా ఉందో అలాగే రాయించి, విమానం ఎక్కకముందే అఫిడవిట్ చేయించు. ట్రాన్స్‌క్రిప్టులకూ ఈ వారమే వెళ్లు. నాన్నగారిని తోడు తీసుకెళ్లు, స్టాంపు పేపరు మాత్రం కొత్తది కొను.