కొత్త రసాయన కర్మాగారానికి పర్యావరణ అనుమతి: నిల్వ పరిమాణంపై షరతు ఉండాలా?

సత్యాన్వేషి:
రసాయన కర్మాగారానికి పర్యావరణ అనుమతి ఇవ్వాలా వద్దా అన్న వాదన ఎక్కడ మొదలైనా పొగగొట్టం ఎత్తు, వ్యర్థజలాల శుద్ధి, గ్రీన్‌బెల్ట్ విస్తీర్ణం చుట్టూనే తిరుగుతుంది. అవన్నీ అవసరమే గానీ, కర్మాగారం సక్రమంగా నడిచే రోజుకు సంబంధించిన లెక్కలు. 1976 జూలై 10న ఇటలీలోని సెవెసో ప్రాంతం మీద డయాక్సిన్ అనే విష రసాయనం పడింది శనివారం నాడు. వారాంతపు సెలవు కోసం ఉత్పత్తిని మధ్యలో ఆపేసిన రియాక్టరులో (రసాయన చర్య జరిపే పాత్రలో) మిగిలిన వేడి అందుకు కారణమైంది. 1984 డిసెంబరు 2-3 రాత్రి భోపాల్‌లో పురుగుమందు తయారీకి వాడే విషపూరితమైన మిథైల్ ఐసోసయనేట్ ఉత్పత్తి జరగడం లేదు, కానీ సుమారు 40 టన్నులు ఒకే ట్యాంకులో నిల్వ ఉంది. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నంలో ప్లాస్టిక్ ముడిసరుకైన స్టైరీన్ ఆవిరి ఊరి మీదికి వచ్చింది లాక్‌డౌన్‌తో ఉత్పత్తి నిలిచిపోయిన కర్మాగారం నుంచే. అందుచేత నా ప్రతిపాదన ఇది: ఏడాదికి ఎన్ని టన్నులు తయారు చేయవచ్చో రాసినట్లే, ఒక్కొక్క ప్రమాదకర రసాయనాన్ని ఏ రోజైనా గరిష్ఠంగా ఎంత నిల్వ ఉంచవచ్చో, పని ఆగిపోతే ఆ నిల్వను ఎంత గడువులో ఖాళీ చేయాలో అనుమతిపత్రంలోనే షరతుగా రాయాలి.

పాతకాపు:
మీరు చెప్పిన ఘటనలతో నాకు పేచీ లేదు, మందుతోనే పేచీ. నిల్వ అనేది భద్రతా చట్టాలు చూసుకునే విషయం. భారతదేశంలోనే చూడండి, ప్రమాదకర రసాయనాల తయారీ, నిల్వ, దిగుమతులపై 1989 నుంచి ప్రత్యేక నిబంధనలున్నాయి. ఏ రసాయనం ఎంత పరిమాణం దాటితే భద్రతా నివేదిక ఇవ్వాలో వాటి అనుబంధాల్లో ఉంది. పర్యావరణ అనుమతి దరఖాస్తులను పరిశీలించే కమిటీ కూడా ఒక అంకె రాస్తే, ఇద్దరు అధికారులు రెండు అంకెలతో తనిఖీకి వస్తారు, చివరికి దేనికీ ఎవరూ బాధ్యులు కారు. పైగా నిల్వ తగ్గిస్తే ముడిసరుకు అవసరం తగ్గదు. పెద్ద ట్యాంకులో ఉండవలసినది చిన్న ట్యాంకర్లలో, ఎక్కువసార్లు, రోడ్ల మీద జనం మధ్య నుంచి వస్తుంది. ఓడలో వచ్చే స్టైరీన్ వంటి సరుకును రోజుకు కొంచెం చొప్పున తెప్పించుకోవడం ఎలాగూ సాధ్యం కాదు. ఆవరణలో తగ్గిన ముప్పు రహదారి మీద పెరిగితే దాన్ని పర్యావరణ విజయం అంటారా?

వైశాఖి:
నిల్వ సంగతి సరే, అనుమతికి ఆధారమైన పర్యావరణ ప్రభావ నివేదిక రాసేది ఎవరు? దరఖాస్తు చేసుకున్న సంస్థ తన డబ్బుతో పెట్టుకున్న కన్సల్టెంటు. పర్యావరణ అనుమతుల పద్ధతిని నిర్దేశించే కేంద్ర ప్రభుత్వ 2006 నోటిఫికేషన్ కింద చాలా నివేదికలకు వానాకాలం కాని ఒక్క ఋతువులో సేకరించిన వివరాలే ఆధారం. గాలి ఏడాది పొడవునా ఒకే దిక్కుకు వీచదు కదా. లీకైన ఆవిరి ఏ ఊరి మీదికి పోతుందో ఒక ఋతువు గాలిని బట్టి తేల్చి, మిగిలిన నెలల్లో అవతలి వైపు ఉండేవారిని ప్రజాభిప్రాయ సేకరణకు పిలవకపోతే, ఎంత మంచి షరతు రాసినా అది సగం మంది కోసమే రాసినట్లు.

కొలిమి:
పాతకాపు గారు లేవనెత్తిన ట్యాంకర్ల సమస్య నిజమైనదే, దాన్ని తేలిగ్గా తీసివేయకూడదు. అయితే భద్రతా చట్టం ఏ దశలో వస్తుందో గమనించండి. తయారీ పద్ధతి ఖరారై, ట్యాంకు పరిమాణం తేలాక, ‘దీన్ని జాగ్రత్తగా ఎలా ఉంచుతారు’ అని అడగడం ఆ చట్టం పని. ‘అసలు దీన్ని ఉంచవలసిన అవసరం ఏమిటి’ అని అడిగే అవకాశం పునాది తీయకముందే, అంటే పర్యావరణ అనుమతి దశలోనే ఉంటుంది.

భోపాల్‌నే తీసుకుందాం. అక్కడ తయారైన కార్బరిల్ పురుగుమందును మిథైల్ ఐసోసయనేట్ లేకుండా కూడా తయారు చేయవచ్చు. నాఫ్తాల్‌ను ముందు ఫాస్జీన్‌తోనూ, ఆ తర్వాత మిథైలమీన్‌తోనూ చర్య జరిపే మార్గం ఒకటుంది. ఫాస్జీన్ కూడా విషమే కాబట్టి ఇది నిరపాయమైన మార్గమని నేననను, కానీ ఈ మార్గంలో మిథైల్ ఐసోసయనేట్ ట్యాంకే అవసరం లేదు. ఆ రసాయనం తప్పనిసరైన చోట దాన్ని తయారైన వెంటనే తర్వాతి చర్యలోకి పంపించి, నిల్వే లేకుండా నడిపే పద్ధతి కూడా పరిశ్రమలో అమలైంది. ఇలాంటి ఎంపిక కర్మాగారం కట్టాక అసాధ్యం.

ప్రత్యామ్నాయాలను పరిశీలించాలన్న నియమం కొత్తది కాదు. 2006 నోటిఫికేషన్ సూచించిన నివేదిక నమూనాలో సాంకేతికత, స్థలం రెండింటి ప్రత్యామ్నాయాలకూ ఒక అధ్యాయం ఉంది. ఆచరణలో ఆ అధ్యాయం ఫలానా స్థలం కన్నా ఈ స్థలం మేలు అన్న దగ్గరే ముగుస్తుంటుంది. ప్రమాద అంచనానేమో అదే నమూనాలో ‘అదనపు అధ్యయనాలు’ అన్న శీర్షిక కిందికి చేరింది. దాని హోదా ఏమిటో శీర్షికే చెబుతోంది.

ఇక ఆగిపోయిన కర్మాగారం గురించి. స్టైరీన్ కదలకుండా ఉంటే తనలో తానే పాలిమర్‌గా మారుతూ వేడిని పుట్టిస్తుంది. దాన్ని అదుపులో ఉంచడానికి నిరోధక రసాయనం కలపాలి, చల్లబరచాలి, తిప్పుతూ ఉండాలి. విశాఖ ట్యాంకులో ఉష్ణోగ్రతను కొలిచింది అడుగు భాగంలో. వేడెక్కింది పై పొరలు. కొలత చూసేవారికి అంతా సవ్యంగానే కనిపించి ఉంటుంది.

పాతకాపు:
పద్ధతిని కమిటీ ప్రశ్నించవచ్చన్నంత వరకు ఒప్పుకుంటాను. కానీ అంకెను అనుమతిపత్రంలో బిగించేస్తే, రేపు మెరుగైన ట్యాంకు పెట్టుకోవాలన్నా సవరణ కోసం మళ్లీ నెలల తరబడి తిరగాలి. అప్పుడు సంస్థలు మెరుగుదలే మానుకుంటాయి.

కొలిమి:
మార్పుకు మళ్లీ పరిశీలన ఉండాలన్నదే నా వాదన. 1974లో ఇంగ్లాండులోని ఫ్లిక్స్‌బరోలో పగుళ్లిచ్చిన ఒక రియాక్టరును తీసేసి, దాని స్థానంలో తాత్కాలికంగా ఒక గొట్టం బిగించారు. సరైన డిజైన్ లెక్కలు లేని ఆ గొట్టం విరిగి, సైక్లోహెక్సేన్ ఆవిరి పేలి 28 మంది చనిపోయారు. నిల్వ తగ్గించే మార్పుకు సమాచారం ఇస్తే చాలనీ, పెంచే మార్పుకు మాత్రమే సవరణ కావాలనీ రాస్తే మీరు చెప్పిన ఇబ్బంది చాలావరకు తీరుతుంది.

పాతకాపు:
ఖాళీ చేయాలంటున్నారు. ఎక్కడికి? లాక్‌డౌన్ నాడు ట్యాంకర్లను ఎవరు పంపిస్తారు?

సత్యాన్వేషి:
ఆ ప్రశ్నకు జవాబు దరఖాస్తులోనే ఉండాలి. సరఫరాదారు వెనక్కి తీసుకుంటాడా, వేరే కర్మాగారానికి పంపుతారా, ఆవరణలోనే నిర్వీర్యం చేస్తారా అన్నది ముందే చెప్పాలి. బయటికి పంపే దారి మూసుకుపోయే పరిస్థితికి నిర్వీర్యం చేసే వ్యవస్థ ఒక్కటే దిక్కు. భోపాల్‌లో వాయువును క్షారంతో కడిగే స్క్రబ్బరు ఉంది; అది పూర్తి స్థాయిలో పని చేసినా ఆ రాత్రి వచ్చిన ఉధృతికి సరిపోయేది కాదు. కాబట్టి గరిష్ఠ నిల్వను కమిటీ ఊహించి రాయనవసరం లేదు. స్క్రబ్బరు, వాయువును మండించివేసే ఫ్లేరు కలిసి ఎంతటి విడుదలను తట్టుకోగలవో సంస్థే లెక్క కట్టి సమర్పించాలి. ట్యాంకు పరిమాణం ఆ లెక్కను మించకూడదు.