అప్‌డేట్: కార్టింగ్‌లో తమ్ముడికి పక్కటెముకల నొప్పి, కారణం సీటే

కార్ట్ (రేసింగ్‌కు వాడే చిన్న బండి) నడిపిన ప్రతిసారీ మా తమ్ముడికి ఎడమ పక్కటెముకలు నొప్పిపెడుతున్నాయని ఇక్కడ అడిగాను. సమాధానమిచ్చిన అందరికీ ధన్యవాదాలు.

విజయనగరంలో ఎముకల డాక్టరుగారు ఎక్స్‌రే తీయించారు. ఎముక విరగలేదు, కండరాలు కమిలాయన్నారు. నొప్పి పూర్తిగా పోయేదాకా కార్ట్ ఎక్కవద్దన్నారు.

అసలు కారణం పట్టుకున్నది కోయంబత్తూరు మెకానిక్. సెకండ్‌హ్యాండ్ కార్ట్‌తో వచ్చిన సీటు తమ్ముడికి వెడల్పు ఎక్కువ. కార్ట్‌కు సస్పెన్షన్ ఉండదు, బెల్టూ ఉండదు. మలుపులో మనిషిని పట్టి ఉంచేది సీటే. అది వదులైతే కుడి మలుపులో ఒళ్లు ఎడమకు జరిగి, సీటు అంచు నేరుగా పక్కటెముకలకు తగులుతుంది. గతుకుల అదురు కూడా అక్కడికే. "ముందు సీటు కొలత చూడండి" అన్నవారి మాటే నిజమైంది, వారికి ప్రత్యేకంగా కృతజ్ఞతలు.

సరిపడే సీటు బిగించి, రిబ్ ప్రొటెక్టర్ (పక్కటెముకలను కాపాడే కవచం) తొడిగించాం. సీటు మార్చకుండా ప్రొటెక్టర్ ఒక్కటే కొంటే చాలదని మెకానిక్ గట్టిగా చెప్పారు. ఇక్కడ కొందరు అనుమానించిన స్టీరింగ్ బిగువు, టైర్లలో గాలి, క్యాల్షియం లోపం, వీటికీ వాడి నొప్పికీ సంబంధం లేదు.

వాడు కలగనే ఫార్ములా వన్ (కార్ రేసింగ్‌లో అత్యున్నత పోటీ)లో నడపాలంటే ఉండాల్సిన సూపర్ లైసెన్సుకు, కింది స్థాయి రేసుల్లో 40 పాయింట్లు కావాలని ఒకరు గుర్తుచేశారు. నిజమే, ఆ దారి చాలా పొడుగు. భారత్ నుంచి తొలి ఫార్ములా వన్ డ్రైవర్ నారాయణ్ కార్తికేయన్ 2005లో అక్కడికి చేరారని వాడికి కంఠతా వచ్చు. ఇప్పుడు నొప్పి లేకుండా పూర్తి సెషన్ నడుపుతున్నాడు.